ప్లూమ్యూల్: విత్తనంలోనూ ఈకల్లోనూ ఒకే పేరు ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో బోటనీ, జువాలజీ చదువుతున్న విద్యార్థులకు, బడిలో మొలకల ప్రయోగం చేయించే టీచర్లకు, మేడ మీద కుండీల్లో గింజలు వేసుకునే వారికి ఈ పేజీ. ఒకే మాట రెండు సబ్జెక్టుల్లో రెండు వేర్వేరు వస్తువులకు వాడడం వల్ల వచ్చే తికమకే ఇక్కడి ప్రశ్నల్లో చాలావాటికి మూలం.

ప్లూమ్యూల్ అంటే అసలు ఏమిటి?

బోటనీలో అయితే విత్తనం లోపల ముందే తయారై ఉన్న చిన్న మొగ్గ. బీజదళాల, అంటే గింజ బద్దల, నడుమ దాగి ఉంటుంది, మొలకెత్తాక పైకి పెరిగి కాండమూ ఆకులూ అవుతుంది. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీన్ని ప్రథమకాండం అంటారు. దీనికి ఎదురు దిక్కున, వేరుగా మారేది ప్రథమమూలం.

జువాలజీలో అయితే పక్షి ఒంటి మీది నూగు ఈక. కోడిపిల్ల ఒంటినిండా ఉండే మెత్తటి నూగు, పెద్ద పక్షుల్లో పై ఈకల కింద కనబడకుండా ఉండే పొర, రెండూ ఇవే.

మూడో అర్థం ఒకటుంది, దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. కొన్ని జాతుల మగ సీతాకోకచిలుకల రెక్కల మీద వాసన వెదజల్లే ప్రత్యేకమైన పొలుసులుంటాయి. పసుపు, తెలుపు రెక్కల పియరిడే కుటుంబంలోనూ, చిన్న నీలి సీతాకోకచిలుకల లైకేనిడే కుటుంబంలోనూ ఉండే ఈ పొలుసులనూ ప్లూమ్యూళ్ళనే అంటారు. డిగ్రీ పరీక్షల వరకు మొదటి రెండు అర్థాలు చాలు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

లాటిన్ నుంచి. ఆ భాషలో ‘ప్లూమా’ అంటే మెత్తటి ఈక. దానికి చిన్నదనే అర్థమిచ్చే ప్రత్యయం చేరితే ‘ప్లూములా’, చిట్టి ఈక. అలాగే వేరుకు ‘రాడిక్స్’, చిట్టి వేరుకు ‘రాడిక్యులా’. ప్రథమమూలాన్ని రాడికిల్ అనడం దీన్నుంచే. కాబట్టి విత్తనంలోని రెండు కొసలకూ పేర్లు ఒకే పద్ధతిలో పుట్టాయి.

పక్షికి ఈ పేరు రావడంలో వింతేమీ లేదు. విత్తనానికి ఎలా వచ్చిందన్నదే అసలు సంగతి. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు నెహెమయా గ్రూ 1672లో మొక్కల లోపలి నిర్మాణం మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆయన పరిశీలన చిక్కుడు జాతి గింజతో మొదలవుతుంది. నానిన గింజను విప్పితే రెండు బద్దలు, ఒక వేరు కొస, ఇంకో కొసన దగ్గరదగ్గరగా ముడుచుకున్న బుల్లి ఆకులు. ఆ ఆకుల గుంపు ఒకచోట చేర్చి కట్టిన ఈకల్లా ఉందని దానికి ‘ప్లూమ్’ అని పేరు పెట్టాడు. 1682లో వచ్చిన ఆయన పెద్ద గ్రంథంలోనూ అదే పేరు కొనసాగింది. 1751 నాటి పుస్తకంలో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ లాటిన్‌లో ‘ప్లూములా’ అని రాశాడు. తమాషా ఏమిటంటే, కిందికి దిగే వేరు కొసకు లిన్నేయస్ వాడిన మాట ‘రోస్టెల్లం’, అంటే చిన్న ముక్కు. అలా ఒక గింజలోనే ఈకా ముక్కూ రెండూ చేరాయి. ముక్కు నిలబడలేదు, ఈక నిలబడింది.

విత్తనం చీల్చి చూశాను. ఈకలా ఏమీ లేదే?

ఏ గింజ తీసుకున్నారన్నది ముఖ్యం. ఆముదం గింజలో ప్రథమకాండం మరీ చిన్నది, కంటికి ఆనదు. వరి, గోధుమల్లో ఒక తొడుగు కింద కోసుగా ఉంటుంది. పేరుకు న్యాయం చేసేవి వేరుశనగ, చిక్కుడు, బొబ్బర్లు. వీటిలో వేరుశనగ అన్నిటికంటే సులువు. పూర్ణా మార్కెట్లోనో, సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ రైతు బజార్లలోనో పచ్చి గుళ్ళు ఒక గుప్పెడు తెచ్చుకుంటే చాలు. వేయించినవి పనికిరావు. తినడానికి తీసిపెట్టిన చీలిన బద్దలు అసలే వద్దు.

1. పైన తొక్క చెక్కుచెదరని గుళ్ళు పది ఏరండి. మిషన్లో ఒలిచిన గుళ్ళలో చాలావాటికి మొన విరిగిపోయి ఉంటుంది. మొన ఉన్నవే ఏరుకోండి.
2. మామూలు నీళ్ళలో మూడు నాలుగు గంటలు నానబెట్టండి. వేడినీళ్ళు పోయకండి.
3. ఎర్రటి పొర వేళ్ళతో నలిపి తీసేయండి. గుండు మొన ఉన్న వైపు కాకుండా, ఎదుటి వైపు నుంచి గోరు పెట్టి మెల్లగా విడదీయండి.
4. రెండు బద్దల్లో ఒకదానికి మొన దగ్గర చిన్న కడ్డీ అతుక్కుని ఉంటుంది. బయటి వైపు మొద్దుగా ఉన్నది ప్రథమమూలం, దాని పైన పొట్టి కాడ. లోపలి వైపు, బద్దల మధ్యకు చొచ్చుకుని ఉన్నది ప్రథమకాండం.
5. ఆ కడ్డీని సూదితో ఊడదీసి, నల్ల కాగితం మీద పెట్టిన గాజు పలకపై ఒక నీటి బొట్టులో వేయండి. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో చూస్తూ, సూది మొనతో ఆకులు విప్పండి. మడతపెట్టిన బుల్లి ఆకుల తమ్మెలు కనిపిస్తాయి.

పదింటిలో నాలుగైదు పాడవుతాయి, అందుకే పది. నానబెట్టకుండా విడదీస్తే ప్రథమకాండం టప్పున విరిగి ఎటో ఎగిరిపోతుంది. రాత్రంతా నానబెడితే, ముఖ్యంగా మే నెల ఉక్కలో, నీళ్ళు పులిసి ఆకులు గోధుమరంగుకు తిరిగి మెత్తబడతాయి. బడిలో ప్రయోగానికి పొద్దున్న నానబెట్టి మధ్యాహ్నం చీల్చడం మంచిది.

మొలకెత్తిన పెసల తెల్లటి తోక ప్రథమకాండమేనా?

కాదు. ఈ పొరపాటు పరీక్ష పేపర్లలో, ఛార్టుల్లో, చివరికి కొన్ని వీడియోల్లో కూడా కనిపిస్తుంది. తోకలో కొసన ఉన్నది ప్రథమమూలం. దాని పైన, బద్దల దాకా ఉన్న భాగం హైపోకోటైల్, అంటే బీజదళాల కింది కాడ. ప్రథమకాండం ఇంకా రెండు బద్దల మధ్యే ముడుచుకుని ఉంటుంది. గిన్నెలో కట్టిన మొలకల్లో మనం తినే ఆ తోకలో దాని భాగమేమీ లేదు.

రుజువు కావాలంటే అవే మొలకలను తడి మట్టిలో పెట్టండి. నాలుగైదు రోజులకు బద్దలు విడిపడి వాటి మధ్య నుంచి రెండు పచ్చటి ఆకులు ఎదురెదురుగా విప్పుకుంటాయి. ఆ రెండూ విడి ఆకులు. ఆ తర్వాత వచ్చేవన్నీ మూడేసి చిట్టాకులున్నవి. మొదటి జత గింజలోనే తయారై ఉంది కాబట్టే అంత త్వరగా విప్పుకోగలిగింది.

ప్రథమకాండం, ఎపికోటైల్ ఒకటేనా?

ఎపికోటైల్ అంటే బీజదళాలు అతుక్కున్న చోటి నుంచి మొదటి ఆకుల దాకా ఉన్న కాడ. ప్రథమకాండం అంటే ఆ కాడ చివరి మొగ్గ, లేత ఆకులతో సహా. కొన్ని పుస్తకాలు రెండింటినీ కలిపి ప్రథమకాండం అంటాయి, కొన్ని విడదీస్తాయి. బొమ్మ గీసేటప్పుడు బాణం గుర్తు మొగ్గ మీదికి వేస్తే ఎవరూ తప్పు పట్టలేరు. కాడ మీదికి వేస్తే ఎపికోటైల్ అని రాయండి.

కొన్ని మొక్కల్లో బద్దలు పైకి వస్తాయి, కొన్నిట్లో మట్టిలోనే ఉంటాయి. ఎందుకు?

ఏ కాడ సాగుతుందన్న దాన్ని బట్టి. హైపోకోటైల్ సాగితే బద్దలనూ వాటి మధ్యలోని ప్రథమకాండాన్నీ కలిపి పైకి ఎత్తుకొస్తుంది. పెసలు, మినుములు, బొబ్బర్లు, చిక్కుడు, ఆముదం, చింత, పత్తి ఈ తీరు. అరకు వైపు తోటలకు వెళ్ళే కాఫీ నారూ ఇదే కోవ. కాఫీ గింజలు విత్తిన సుమారు 45 రోజులకు కాడ మీద గింజ టోపీ పెట్టుకున్నట్టు లేస్తుంది. నర్సరీల్లో దాన్ని టోపీ దశ, బటన్ దశ అంటారు. ఆ టోపీ లోపలే ప్రథమకాండం ఉంటుంది కాబట్టి అది ఊడలేదని చేత్తో లాగితే మొక్క తల తెగినట్టే. నీళ్ళు చిలకరించి ఊరుకోవడమే పని.

ఎపికోటైల్ సాగితే బద్దలు మట్టిలోనే ఉండిపోతాయి, ప్రథమకాండం ఒక్కటే పైకి వస్తుంది. శనగ, కంది, బఠాణి, మామిడి, పనస ఇలాంటివి.

వేరుశనగ ఈ రెండింటికీ మధ్యస్థం. బద్దలను నేల పైపొర దాకా తెచ్చి అక్కడ ఆపుతుంది. అందుకే దాన్ని ఏ వర్గంలో రాయాలని విద్యార్థులు తగువు పడుతుంటారు. రెంటికీ మధ్యదని రాయడమే సరి.

మొలక తల వంచుకుని ఎందుకు పైకి వస్తుంది?

లేత మొగ్గ నేరుగా మట్టిని తోసుకుని వస్తే నలిగిపోతుంది. అందుకని కాడ కొక్కెంలా వంగి, దాని వీపు మట్టిని తోస్తుంది, మొగ్గ వెనక నుంచి లాక్కొస్తుంది. చీకట్లో మొలక నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు ఆ వంపును నిలిపి ఉంచుతుంది. వెలుతురు తగలగానే వంపు విప్పుకుంటుంది, ఆకులు పచ్చబడతాయి.

మొలకలు దెబ్బతినేది ఎక్కువగా ఈ దశలోనే. ఎర్రమట్టి కుండీల్లో జోరువాన పడి, మర్నాడు ఎండ కాస్తే పైపొర పెచ్చు కడుతుంది. కొక్కెం దాని కింద ఇరుక్కుని మెడ దగ్గర విరుగుతుంది. పైన వేలెడు మందాన మట్టికి బదులు కోకోపీట్, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి వేస్తే పెచ్చు కట్టదు. అప్పటికే కట్టి ఉంటే గిల్లకండి, చేత్తో నీళ్ళు చల్లి మెత్తబరచండి.

లోతు మరీ ఎక్కువైనా నష్టమే. పెసలకు సుమారు 3 సెంటీమీటర్లు, వేరుశనగకు 5 చాలు. అంతకంటే లోతుకు వెళ్తే వెలుతురు చేరకముందే బద్దల్లోని సత్తువ అయిపోతుంది. మొలకలు పాలిపోయి సన్నగా పొడుగ్గా సాగుతుంటే లోతు తప్పు కాదు, వెలుతురు చాలడం లేదు. బయటికి తెచ్చి పెట్టండి.

వరి, మొక్కజొన్నల్లో ప్రథమకాండం ఎక్కడ?

కోలియాప్టైల్ అనే గొట్టంలాంటి తొడుగు లోపల. నేలను చీల్చుకుని మొదట కనబడే తెల్లటి మొన ఆ తొడుగే. దాని కొన చీలి లోపలి నుంచి మొదటి ఆకు వస్తుంది. ఇక్కడ కొక్కెం ఉండదు, తొడుగే కాపు.

వడ్లు నీళ్ళలో మునిగి ఉంటే ఇంకో విశేషం కనిపిస్తుంది. గాలి అందని చోట వేరు పెరగదు, తొడుగు ఒక్కటే పొడుగ్గా సాగి పైకి గాలి కోసం వెతుకుతుంది. నారుమడిలో వేరు లేకుండా తెల్లటి మొనలే కనిపిస్తే విత్తనం చెడ్డదని తేల్చేయకండి. ముందు నీళ్ళు తీసేసి చూడండి.

తేగలో, కొబ్బరి మొలకలో కూడా ఇది ఉంటుందా?

ఉంటుంది. తాటి టెంకను పాతర వేస్తే దాని బీజదళం గొట్టంలా కిందికి సాగి, ప్రథమకాండాన్నీ ప్రథమమూలాన్నీ తనతో పాటు నేల లోపలికి తీసుకెళ్తుంది. మొలక అక్కడ పిండి నిలవ చేసుకుని ఊరుతుంది. చలికాలంలో భీమిలి రోడ్డు పక్కన కట్టలుగా అమ్మే తేగలు అవే. ఉడికిన తేగను చీలిస్తే నడుమ తియ్యగా ఉండే సన్నటి ముక్క, పిల్లలు చందమామ అని పోట్లాడుకునేది, పైకి ఆకుగా రావలసిన లేత మొలక. టెంక లోపల మిగిలే తెల్లటి బుర్రగుంజు మాత్రం ప్రథమకాండం కాదు. అది టెంకలోని ఆహారాన్ని పీల్చే బీజదళ భాగం.

కొబ్బరి కాయలో పెరిగే కొబ్బరి పువ్వు కూడా అలాంటి పీల్చే భాగమే, పేరులో తప్ప పువ్వు కాదు. ప్రథమకాండం మూడు కళ్ళలో మెత్తగా ఉన్న ఒక కంటి గుండా బయటికి వస్తుంది.

పప్పు బద్దలు ఎందుకు మొలకెత్తవు?

శనగపప్పు, కందిపప్పు చేసేటప్పుడు బద్దలు విడిపోయి మధ్యలోని కడ్డీ రాలిపోతుంది. ప్రథమకాండమూ లేదు, ప్రథమమూలమూ లేదు. మిగిలింది నిలవ ఆహారమే. ఎంత నానబెట్టినా అది ఉబ్బుతుంది, తర్వాత కుళ్ళుతుంది.

ఉడుత మొలక తల కొరికేసింది. బతుకుతుందా?

ఎక్కడ కొరికిందో చూడండి. బద్దల పైన తెగితే ఆశ ఉంది. బద్దలు కాడకు అతుక్కున్న మూలల్లో నిద్రాణంగా ఉన్న మొగ్గలు లేస్తాయి. బఠాణి, శనగల్లో ఆ మొగ్గలు మట్టిలోనే ఉంటాయి కాబట్టి ఇంకా భద్రం. వేరుశనగలో అయితే ఎవరూ కొరకకపోయినా మొదటి రెండు కొమ్మలు ఆ మూలల నుంచే వస్తాయి. పెసర, చిక్కుడు మొలకలు బద్దల కింద తెగితే మాత్రం మళ్ళీ గింజ వేసుకోవడమే.

ఇక పక్షుల సంగతి. నూగు ఈకకూ మామూలు ఈకకూ తేడా ఏమిటి?

మామూలు రెక్క ఈకను చూడండి. నడుమ గట్టి కాడ, అటూ ఇటూ కేశాలు, ప్రతి కేశానికీ మళ్ళీ ఉపకేశాలు, వాటికి సూక్ష్మమైన కొక్కేలు. ఆ కొక్కేలు పక్క ఉపకేశాలను జిప్పులా పట్టుకుంటాయి కాబట్టే ఈక రేకులా నిలుస్తుంది. చెదిరిన ఈకను వేళ్ళతో దువ్వితే మళ్ళీ అతుక్కునేది అందుకే.

నూగు ఈకలో ఆ కొక్కేలు లేవు. కాడ బాగా పొట్టి, లేదా అసలు ఉండదు. కేశాలు ఒకే చోట నుంచి కుచ్చులా విచ్చుకుంటాయి. వాటి మధ్య గాలి చిక్కుకుని ఒంటి వేడి బయటికి పోనివ్వదు. దాని పని అదొక్కటే, ఎగరడానికి పనికిరాదు. తడిస్తే ఆ గాలి పోయి చలి తగులుతుంది. అందుకే పై ఈకలు నీళ్ళు లోపలికి దిగకుండా కప్పి ఉంచుతాయి.

కోడిని శుభ్రం చేశాక తోలు మీద మిగిలే వెంట్రుకలు ఇవేనా?

కావు. అవి ఫైలోప్లూములు. సన్నటి కాడ, చివర మాత్రమే నాలుగు కేశాలు. పక్కనున్న ఈకల కదలికను పక్షికి తెలియజేస్తాయి. నాటుకోడిని మంట మీద కాల్చేది ముఖ్యంగా వీటి కోసమే. పేరులో ‘ప్లూమ్’ ఉండడంతో ఇక్కడ చాలామంది తప్పు రాస్తారు.

పిల్లల నూగు, పెద్ద పక్షుల నూగు ఒకటేనా?

నిర్మాణం ఒకటే, కాలం వేరు. కోడి, బాతు పిల్లలు గుడ్డులోంచి నూగుతోనే వస్తాయి. మొదట ప్రతి నూగూ ఒక పల్చటి ఒరలో తడిగా అంటుకుని ఉంటుంది. ఆరాక ఒర చిట్లి రాలితే పిల్ల ఒక్కసారిగా బొద్దుగా కనిపిస్తుంది. పావురం పిల్లకు పల్చటి పసుపు పోగులు మాత్రమే ఉంటాయి. రామచిలుక పిల్ల దాదాపు బోసి ఒంటితో పుడుతుంది.

కోడిపిల్లలు పెంచేవారికి ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. పుట్టినప్పటి నూగు ఒక్కటే వాటికి చాలదు. మొదటి వారం పిల్లల ఎత్తులో సుమారు 35 డిగ్రీల సెల్సియస్ ఉంచి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. విశాఖ ఎండాకాలంలో పగటిపూట బల్బు అక్కర్లేకపోవచ్చు. ఉష్ణమాపకం కంటే పిల్లల్నే నమ్మండి. బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, గోడల వైపు చెదిరి నోరు తెరిచి రొప్పితే వేడి. మొదటి వారంలోనే రెక్కల్లో అసలు ఈకలు మొదలవుతాయి. ఒళ్ళంతా ఈకలు నిండడానికి ఐదారు వారాలు.

బాల్కనీలో పావురాల తెల్లటి పొడి కూడా నూగేనా?

చాలావరకు అవును. పావురాలకు, కొంగలకు పొడి నూగు అనే ప్రత్యేకమైన ఈకలుంటాయి. వాటి కొసలు ఎప్పటికప్పుడు పొడిగా రాలుతూ మిగతా ఈకలకు పూతలా పడతాయి. ఆ పొడినీ ఎండిన రెట్టనూ రోజూ పీల్చేవారిలో కొందరికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. పొడిగా చీపురుతో ఊడ్చకండి. నీళ్ళు చల్లి తడిపి, మాస్కు కట్టుకుని తుడవండి.

పరిశీలనకు నూగు ఈకలు ఎక్కడ దొరుకుతాయి?

కోడిమాంసం కొట్లో అడిగితే ఇస్తారు. పొట్ట, ఛాతీ దగ్గరి పై ఈకల కిందివి కావాలని చెప్పండి. సబ్బు నీళ్ళలో కడిగి, నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. తడిగా డబ్బాలో పెడితే బూజు పడుతుంది. ఎండాక రెండు నాఫ్తలీన్ ఉండలు వేస్తే పురుగు పట్టదు. కంబాలకొండ అభయారణ్యంలో రాలిన ఈకైనా సరే తీసుకురావద్దు, అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏదీ తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. కొండకర్ల ఆవలో నీటిపక్షులను బైనాక్యులర్‌తో చూసి రావడమే మేలు.

ప్లంబర్, ప్లూమేరియా, పొగ ప్లూమ్, ఇవన్నీ ఒకే కుటుంబమా?

పొగగొట్టం నుంచి గాలివాటున సాగే పొగను ప్లూమ్ అనడం ఈక నుంచే వచ్చింది. ప్లంబర్ మాత్రం సీసానికి లాటిన్ పేరైన ‘ప్లంబమ్’ నుంచి పుట్టింది, ఈకతో చుట్టరికం లేదు. దేవగన్నేరుకు ప్లూమేరియా అనే పేరు ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లూమియే మీదుగా వచ్చింది, ఆ పువ్వు ఈకలా ఉందని కాదు.

వేప, చింత ఆకులను పిన్నేట్ అంటారు. అది ‘పిన్నా’ అనే మరో లాటిన్ మాట, దానికీ ఈక అనే అర్థం ఉంది. తెలుగులో పిచ్ఛాకార పత్రం అంటున్నాం కదా, పిచ్ఛమంటే పింఛమే.

తామర గింజల్లో ఆకుపచ్చగా, చేదుగా ఉండేది ఏమిటి?

ప్రథమకాండంతో కూడిన పిండం. చాలా గింజల్లో ఇది పాలిపోయి ఉంటుంది, తామరలో మాత్రం గింజ లోపలే పచ్చగా తయారవుతుంది. చైనాలో దీన్ని విడిగా ఎండబెట్టి టీ కాస్తారు. వంటకు వాడేటప్పుడు గింజను నానబెట్టి, నిలువునా చీల్చి, ఆ పచ్చటి పుల్లను తీసేయాలి. లేకపోతే పాయసం అంతా చేదెక్కుతుంది. మఖానా కొన్నవారికి ఈ బెడద లేదు, అది తామర గింజ కాదు, యూరియేల్ అనే వేరే నీటి మొక్కది.